చెడగొట్టే కొలువు

“పదకొండు గంటలకు ఆ అంకె మూడు దాటి కనబడ్డదనుకో, నా కొలువు ఖతం బాపూ. జర నువ్వు ఉరుకులాడకు.”

నర్సింగం తలూపి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని మంచం అంచున చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో మాస్కు ఎందుకని కూతురు సింధూజ అడగలేదు. అది కరోనా భయం కాదు, మీటింగ్ భయం.

సూరత్ పక్కన కడోదరాలో అతను పనిచేసే మగ్గాల కార్ఖానాకు తాళం పడి మూడు నెలలైంది. సూరత్‌లో పగటిపూట ఇంత నిశ్శబ్దం ఉంటుందని ముప్పై ఏళ్లలో అతనికి తెలియదు. ఇప్పుడు ఇల్లు నడిచేది సింధూజ జీతం మీదే. ఆ జీతమేమో మిషన్లను చెడగొట్టినందుకు ఇస్తున్నారు!

లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఆఫీసు మూతపడితే ఆమె ఇంటికొచ్చింది. వెనకే ఓ పెట్టె వచ్చింది. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అందించే మిషన్ అది. దాని కడుపులో చిన్న కంప్యూటర్. ఆ కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నల్. సింధూజ పని, ఆ కెర్నల్‌లోకి దొంగ తప్పులు పంపడం. మెమరీ ఉండగానే లేదనిపించాలి. డిస్కు బాగుండగానే చెడిందనిపించాలి. తట్టుకుని నిలబడితే మిషన్ పాసైనట్టు.

“గిదేనా!” అన్నాడు నర్సింగం మొదటిసారి విన్నప్పుడు. “కొత్త మగ్గం బిగించినంక నేను గూడ కత్తెరతోని ఓ పోగు తెంపి చూస్తుంటి. పోగు తెగితె మగ్గం దానంతటదే ఆగాలె. ఆగలేదా, సేఠ్‌కు చెప్పి మళ్ల విప్పుడే.”

“సేమ్ టు సేమ్ బాపూ. కాకపోతె నా కత్తెర బరువెక్కువ.”

ఆ బరువే చిక్కు తెచ్చింది. ప్రతి అడుగులోనూ కెర్నల్ ఆగి ‘ఇక్కడ తప్పు చేయాలా?’ అని అడుగుతోంది. సెకనుకు లక్షల సార్లు. జవాబు దాదాపు ఎప్పుడూ ‘వద్దు’ అనే. ఆ అడగడంలోనే మిషన్ వేగం ముప్పై శాతం పడిపోయింది. ఆ తరుగు మూడు శాతం దాటకూడదన్నది కంపెనీ షరతు.

సింధూజ రెండు నెలలు కూర్చుని ఆ ప్రశ్నలన్నీ పీకేసింది. వాటి చోట ఖాళీ వదిలింది. తప్పు కావాలనుకున్న క్షణంలో, కావాల్సిన ఆ ఒక్క చోటే దారి మళ్లుతుంది. మిగతా సమయమంతా కత్తెర ఒకటి ఉందనే మిషన్‌కు తెలియదు.

పదకొండయింది. స్టీలు డబ్బాకు ఆనించిన ఫోన్‌లో మేనేజర్ కమలాకర్ ముఖం కనిపించింది.

“ఒకటి పాయింట్ ఎనిమిది శాతం. వేగం సంగతి బాగుంది,” అన్నాడు. “కానీ సింధూజా, పోయిన వారం చెప్పిందే మళ్లీ చెప్తున్నా. నువ్వు పెట్టే తప్పులు నీ మాట వింటాయి. నిజం కష్టం చెప్పి రాదు. అప్పుడు తప్పులు పెట్టే నీ టూలే మిషన్‌కు అడ్డం పడితే? అందుకే దీన్ని పూర్తిగా తీసేద్దామని నా...”

కరెంటు పోయింది.

నర్సింగం దిగ్గున లేచాడు. ఆ ఇంటి వైరింగు చేసింది అతనే. చెప్పులైనా వేసుకోకుండా మెట్ల దగ్గరి మీటరు బోర్డుకు పరుగెత్తాడు. అక్కడ అతని తల్లి బాలవ్వ తాపీగా చిక్కుడుకాయలు తుంపుతోంది. అతను ఫ్యూజు మీద చేయి వేయబోయేలోపే లైటు వెలిగింది.

“నీ ఉరుకుడు సల్లగుండ! అచ్చింది తియ్ కొడుకా,” అంది ముసలమ్మ.

అతను తిరిగొచ్చి చూస్తే, లోపల మిషన్ ఆగలేదు. తన బ్యాటరీ మీదికి మారి, మళ్లీ కరెంటు మీదికి వచ్చేసింది. అంకె కదల్లేదు.

“ఒక్క రీడింగ్ కూడా పోలేదే!” కమలాకర్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఏదీ, ఆ గ్రాఫు కిందికి జరుపు... అదేంటి, ఇక్కడ నాకేమీ రావట్లేదు?”

నర్సింగం మూలనున్న నెట్ డబ్బా వైపు చూశాడు. వైరు ఊడి నేల మీద పడి ఉంది. పక్కనే, ఎప్పుడు లోపలికొచ్చిందో, పొరకతో బాలవ్వ.

“అవ్వా! గిప్పుడేనా ఊడ్చుడు?”

“కరోనా దినాల్ల ఇల్లు గలీజు వెట్టుకుంటార్రా?”

నర్సింగం వంగి వైరు గుచ్చాడు. కూతురి కొలువు తన చేతి వైరింగు వల్ల, తన తల్లి పొరక వల్ల పోతే ఈ జన్మకు ఆమె ముఖం చూడలేడు.

దాచిపెట్టుకున్న రీడింగులన్నీ మిషన్ ఒక్కసారిగా పంపేసింది. ఒక్కటీ తప్పిపోలేదు.

 కమలాకర్ గట్టిగా నవ్వాడు.

“నేను కోరుకున్నా ఇంత మంచి పరీక్ష దొరకదమ్మా! నిజంగా వచ్చిపడిన కష్టాలకే నిలబడింది. నీ టూల్ ఉంటుంది, నువ్వూ ఉంటావు. సోమవారం నుంచి టీమ్‌లో అందరికీ నువ్వే నేర్పాలి.”

కాల్ ముగిసింది. నర్సింగం మాస్కు కిందికి లాగి దానితోనే కళ్లు తుడుచుకున్నాడు.

“మన గాచారమే బాగలేదనుకున్న బిడ్డా. ఒక్క పూటల రెండుసార్లు అడ్డమచ్చింది. అయినా గట్టెక్కినవ్.”

సింధూజ ముఖం అటు తిప్పుకుని ఛార్జర్ వైరు చుట్టసాగింది.

బాలవ్వ గుమ్మం దగ్గర పాత చెద్దరు మెత్తగా పరిచింది. కొంగు నడుముకు దోపి, మనవరాలిని అడిగింది:

“కరెంటు తీస్తి, వైరు గుంజితి, ఇగ సొమ్మసిల్లి పడుడొక్కటే మిగిలె, పడాల్నా అద్దా బిడ్డా?”