పోయిందని రాయమాకండి

“పోయిందని రాయమాకండి బాబూ! నా పిల్ల పోవటమేంటి?” సుబ్బరత్నమ్మ అర్జీ కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

బుచ్చిబాబు కలం పైకెత్తాడు. బందరులో పోలీస్ స్టేషన్ ఎదురుగా, రేకుల పంచన కూర్చుని ఇరవై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. చదివింది ఎనిమిదో తరగతి. లోపల ఫ్యాన్ల కింద కూర్చున్న డిగ్రీల వాళ్లెవరికీ తనంత తెలుగు రాదని కడుపుమంట.

“నిన్నటి కాగితం ఎందుకు విసిరికొట్టారో తెలుసామ్మా? మీ అల్లుడు ‘నా భార్య అలేఖ్య పోయింది’ అని రాశాడు. పోతే శ్మశానానికెళ్లమని ఒకడన్నాడు. ఎవడితో పోయిందని ఇంకొకడు నవ్వాడు. అంతేనా?”

సుబ్బరత్నమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. “నాలుగు రోజులైంది బాబూ. ఒక్కడూ గడప దాటి వెతకలేదు. వాళ్లు వెతికేట్టు రాయండి. నా పిల్ల ఎక్కడుందో నాకు తెలియాలి, అంతే.”

“‘తప్పిపోయింది’ అని రాస్తా. అప్పుడు వెతక్క చస్తారా? ఉన్నదంతా మాటలోనే ఉందమ్మా.”

పక్కన బల్ల మీద అల్లుడు అనుదీప్ తల వంచుకుని కూర్చున్నాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. తెచ్చిన టీ ముట్టుకోలేదు. పైన ఈగ తేలుతోంది.

“చెప్పవయ్యా. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటా, తర్వాత సాపు చేస్తా. ఆఖరిసారి ఎక్కడ చూశావు?”

“హంసలదీవిలోనండీ. ఆదివారం సముద్రస్నానానికెళ్లాం. నేను ఒడ్డుకొచ్చి బట్టలు మార్చుకుని చూస్తే... లేదండీ.”

“గొడవేమన్నా పడ్డారా?”

“అబ్బే.”

“ఎందుకు పడతారు,” అంది సుబ్బరత్నమ్మ. “కొడుకులాంటివాడు బాబూ. నాలుగు రోజుల్నించీ నాతోనే తిరుగుతున్నాడు.”

“సరే. అమ్మాయి ఫోను నంబరు చెప్పు. అది దొరికితే మనిషి దొరికినట్టే.”

అనుదీప్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఫోను లేదండీ. ఫోను కూడా అక్కడే పారేశాను.”

కలం ఆ మాటంతా రాసేసి ఆగింది. బుచ్చిబాబు పకపకా నవ్వాడు.

“ఇంజనీరింగ్ చదివావంట! పారేశాను కాదయ్యా, పారేసుకున్నాను. పారేస్తే నువ్వు కావాలని విసిరేసినట్టు. పారేసుకుంటే తెలియకుండా జారిపోయినట్టు. ఈ ముక్క ఇలాగే లోపలికెళితే ముందు నిన్ను కూర్చోబెడతారు!”

“అదేనండీ... పారేసుకున్నాను. అదే రాయండి.” అనుదీప్ కాగితం మీదికి వంగాడు. “కొట్టెయ్యండి అది. కొట్టేసి రాయండి.”

“ఎనిమిదో తరగతోడు ఉండబట్టి బతికిపోయావు,” అంటూ బుచ్చిబాబు ఆ మాట మీద అడ్డగీత గీయబోయాడు.

కలం కదల్లేదు. సుబ్బరత్నమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఆమె చూపు కాగితం మీద లేదు, అల్లుడి మొహం మీద ఉంది.

“దిద్దమాకండి బాబూ,” అంది. “అతను సరిగ్గానే చెప్పాడు.”