అప్రస్తుత ప్రసంగి

ఒకప్పుడు అవధాన సభల్లో అడ్డుప్రశ్నలు వేసి కవిని తికమక పెట్టిన ఆచార్యులుగారికి ఇప్పుడు చేతినిండా పని. ఫోన్లో పలికేది మనిషో, మరబొమ్మ అల్లిన గొంతో తేల్చమని జనం ఆయన దగ్గరికే వస్తున్నారు.

ఆ రోజు జాలరిపేట నుంచి మసేనమ్మ వచ్చింది. కంపెనీ వాళ్ల తుప్పు పడవ మునిగి ఆమె మొగుడు ఎల్లాజీ పోయాడు. శవం దొరకలేదు. కంపెనీ మీద వేసిన కేసు రేపే. వారంగా ఎల్లాజీ గొంతు ఫోన్ చేస్తోంది. ఆమె చెబుతుండగానే ఫోన్ మళ్లీ మోగితే, ఆచార్యులుగారికీ వినపడేలా స్పీకర్లో పెట్టింది.

"బతికే ఉన్నానే మసేనీ. నా మీదొట్టు, రేపు కోర్టులో సాచ్చెం సెప్పకు. సెప్పేవంటే నన్నింక సూడవు."

ముందు ఆశ, వెనక ఒట్టు, చివర బెదిరింపు. మెట్లు మరీ కుదురుగా కట్టారనుకున్నారు ఆచార్యులు. మాట మధ్యలో దూరి, "ఏమయ్యా, వంకాయకి తొడిమ ఎందుకంటావ్?" అని అడిగారు.

బతికున్న మనిషైతే "ఎవడ్రా నువ్వు" అని కసురుకునేవాడు. ఆ గొంతు మాత్రం నవ్వి, చక్కటి జవాబు చెప్పి, తడుముకోకుండా మళ్లీ సాక్ష్యం దగ్గరికే వచ్చింది.

ఆయన తల అడ్డంగా ఊపారు. మసేనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"రేపు సాచ్చెం సెప్తాను బాబూ," అంది. ఫోన్ మాత్రం పెట్టెయ్యనివ్వలేదు. "ఇంకొక్క ప్రశ్న అడగండి. ఆ నవ్వు అచ్చం మా మావదే."