నకల్లో ఉడికిన అన్నం

రౌటర్ పోయింది, దాంతో ఇంటర్నెట్‌తో నడిచే పొయ్యి వెలగలేదు. మామగారికి అప్పటికే భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ ఇచ్చేసిన హైమవతి కంగారుగా కంపెనీకి ఫోన్ చేసింది. ఈ రోజుల్లో రిపేరుకి ఇళ్లకి ఎవరూ రారు. ప్రతి ఇంటి రౌటర్‌కీ, పొయ్యికీ, మనుషులకీ కంపెనీ కంప్యూటర్లో ఒక నకలు ఉంటుంది. రిపేరు దానికే చేస్తారు.

“బాగైపోయిందండీ,” అన్నాడు టెక్నీషియన్ చిట్టిబాబు. “పొయ్యి వెలిగింది. అన్నం కూడా ఉడికింది.”

“ఇక్కడ వెలగలేదయ్యా! పెద్దాయనకి చెమటలు పట్టేస్తున్నాయి.”

“నకల్లో ఆయన రెండోసారి మజ్జిగ కూడా పోయించుకున్నారండీ.”

హైమవతి మామగారి నోట్లో గుప్పెడు పంచదార పోసి, ఫోన్లో అరిచింది. “కంప్లయింట్ మూసేశావంటే నేనొప్పుకోను!”

“నకల్లో మీరెప్పుడో ఒప్పేసుకున్నారండీ,” అన్నాడతను నొచ్చుకుంటూ. “ఫైవ్ స్టార్ రేటింగ్ కూడా ఇచ్చారు.”