ఓడ దిగాక చెబుదాం

తెరలో తన వెనకాల ఆఫీసు క్యాంటీన్ ఫొటో సరిగ్గా కూర్చుందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, అవినాష్ ల్యాప్‌టాప్‌లో అమ్మ వీడియో కాల్ ఎత్తాడు.

“ఒరేయ్, మా ఓడ మలేషియాలో పెనాంగ్‌కొచ్చింది!” పుణ్యవతి గొంతులో పదహారేళ్ళ పిల్ల హుషారు. “బస్సులో ఊరంతా తిప్పారు. కొండ మీదకి రైలురా, నిట్టనిలువుగా! మీ నాన్న భయపడి నా చెయ్యి పట్టుకున్నారు, ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి.”

“ఆవిడే నాది పట్టుకుంది,” అంటూ విశ్వేశ్వరరావు తెర మీదకి వచ్చారు. “అది సరేగానీ, కామేశం ఫోన్ ఎత్తడం లేదేంట్రా? పొద్దున్నే నాకు గుడ్ మార్నింగ్ పెట్టందే కాఫీ ముట్టడే!”

“బాబాయి ఫోన్ నీళ్ళల్లో పడిందట నాన్నా. రిపేర్‌కిచ్చాడు.”

“నువ్వేంటి, ఎప్పుడు చూసినా ఆఫీసులోనే?”

“రిలీజ్ ఉంది నాన్నా. హైటెక్ సిటీలోనే పడుంటున్నా.”

ఎంత తేలిగ్గా వచ్చిందో అబద్ధం! నిజానికి అవినాష్ ఉన్నది హఫీజ్‌పేట్‌లో, బాబాయి అద్దెకున్న రెండు గదుల ఇంట్లో. క్యాంటీన్ ఫొటో చాటున, నేల మీద దీపం వెలుగుతోంది. నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కామేశం కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో అవినాష్ చెయ్యి పట్టుకుని, “అన్నయ్యకి ఇప్పుడే చెప్పకురా. వదిన ఎన్నేళ్ళ నుంచో సముద్రం, సముద్రం అంటోంది. ఓడ దిగాక చెబుదాం” అన్నాడు. ‘చెప్పు’ అనలేదు, ‘చెబుదాం’ అన్నాడు పిచ్చి మారాజు. అదే ఆఖరి మాట. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కాబట్టి, కొరివి అవినాషే పెట్టాడు.

విశ్వేశ్వరరావుకి పోయినేడే గుండెకి రెండు స్టెంట్లు వేశారు. నడిసముద్రంలో ఈ కబురు వింటే ఏమవుతారో ఏమో!

ఇంటి ఓనరు భూలక్ష్మి టీ తెచ్చి తలుపు తోసింది. అవినాష్ గిరుక్కున తిరిగాడు. వెనక క్యాంటీన్ ఫొటో ఒక్క క్షణం చెదిరి మళ్ళీ సర్దుకుంది.

“సిగ్నల్ బాలేదు నాన్నా.”

విశ్వేశ్వరరావు తెరకేసి కాసేపు చూశారు. “సరే. వేళకి తిను,” అని పెట్టేశారు.

భూలక్ష్మి టీ గ్లాసు కింద పెట్టింది. “గిట్ల ఎన్నొద్దులు దాస్తవు బిడ్డా? సొంత తమ్ముడాయె. రేపు తెలిస్తే పెద్దసారు నిన్ను మాఫ్ చేస్తడా?”

“ఓడ దిగాక చెబుతా అత్తా. చేస్తే చేస్తారు, లేకపోతే లేదు.”

ఇక రోజుకో రేవు, రోజుకో అబద్ధం. ఫుకెట్‌లో దిగిన రోజు పుణ్యవతి అలిగింది. “బౌద్ధుల గుడి చూపించారురా, ఎంత బాగుందో! మీ నాన్న మోకాళ్ళ నొప్పులని బస్సులోంచి కదల్లేదు. ఆ గడ్డం చూడు, సన్యాసుల్లో కలిసేట్టున్నారు.”

“ఓడ మీద నన్నెవరు చూడొచ్చారే!” అన్నారాయన. “వాడూ గీసుకోలేదుగా.”

అవినాష్ చటుక్కున చెంప తడుముకున్నాడు. “టైం దొరకట్లేదు నాన్నా.”

“తెలుస్తూనే ఉంది. అలిసిపోతున్నావురా,” అన్నారు విశ్వేశ్వరరావు మెల్లిగా.

మరో రోజు టిఫిన్ బల్ల దగ్గర్నుంచి ఫోన్. “ఇక్కడి బన్నుల మీద తెల్లవీ నల్లవీ నువ్వులు చల్లి ఇస్తారు. ఈయన నల్లవన్నీ ఏరి టిష్యూ కాగితంలో పడేస్తారు. పళ్ళలో ఇరుక్కుని నల్లగా కనబడతాయట! ఈ వయసులో ఏం సోకురా?” అని పుణ్యవతి పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు.

కామేశం ఊసు మాత్రం పెనాంగ్ తర్వాత ఆయన మళ్ళీ ఎత్తలేదు. బతికిపోయాననుకున్నాడు అవినాష్. రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు మండింది కూడా. అన్నయ్యా అన్నయ్యా అని ప్రాణం పెట్టిన తమ్ముడు ఫోన్ చెయ్యకపోతే, ఎలా ఉన్నాడని ఒక్క మాటైనా అడగరా? సముద్రం చూడగానే అంత మర్చిపోవాలా?

పదో రోజు హఫీజ్‌పేట్ దగ్గర కర్మలు చేయించే షెడ్డులో శాస్త్రిగారు గిన్నెలు సర్దుతూ అడిగారు. “దాయాదులు ధర్మోదకాలు వదలాలండీ. పోయినాయన దాహం తీరేది ఆ నీళ్ళతోనే. అన్నగారు వచ్చారా?”

“రాలేదండి.”

“అయ్యో, తోడబుట్టినవాడు!” అని ఆయన మళ్ళీ గిన్నెల మీదికి వంగారు.

అవినాష్ ఊరుకోలేకపోయాడు. పది రోజులుగా అణచిపెట్టిందంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. అన్న చేతి నీళ్ళు లేకుండా బాబాయి వెళ్ళిపోతున్నాడు. ఆ దోసెడు నీళ్ళూ దక్కకుండా చేసింది తనే. షెడ్డు గోడవారన నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

జేబులో ఫోన్ మోగింది. మొహం తుడుచుకుని, తన కెమెరా ఆపేసి ఎత్తాడు.

“బాలిలో దిగాంరా. కనిపించవేం?”

“కెమెరా పాడైందమ్మా. నాన్నేరీ?”

“నన్నిక్కడ గొడుగు కింద కూర్చోబెట్టి, ఆయన మోకాల్లోతు నీళ్ళలోకి దిగారు. జేబులోంచి ఏదో పొట్లం తీస్తున్నారు, చేపలకి వేస్తారు కాబోలు. అద్దాలు బస్సులో మర్చిపోయా, నాకేం ఆనట్లేదు. నువ్వే చూడు.” పుణ్యవతి ఫోన్ అటు తిప్పి, తెర మీద వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది.

విశ్వేశ్వరరావు వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నారు. వదిలారు. మళ్ళీ తీసుకున్నారు, మళ్ళీ వదిలారు. మూడోసారి వదిలి కాసేపు అలాగే నిలబడ్డారు.

“ఏవండీ, అబ్బాయి చూస్తున్నాడు!”

ఆయన వెనక్కి తిరిగి, ఫోనుకేసి చెయ్యెత్తి ఊపారు.

ఆ తడి అరచేతికి నల్ల నువ్వులు అంటుకుని ఉన్నాయి.