అవకాడోల మైకు

“నా మైకు బెల్జియం దాకా వినిపిస్తుంది,” అన్నాడు హార్లిన్, తను అవకాడోలమ్మే బండి మీంచి బ్యాటరీతో సహా ఊడదీసి తెచ్చిన మైకుని తుడుస్తూ.

“మొన్న మా ఇంటిదాకానే రాలేదు కదరా,” అంది నిన్ఫా. ఆమెది పక్కిల్లే.

సముద్రపొడ్డునున్న తుమాకో ఊళ్ళో రాత్రి పోయిన కరెంటు ఆదివారం పొద్దునకీ రాలేదు. నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన ఎఫ్రోసీనా అవ్వ ఇంట్లో, చచ్చిన టీవీ ముందు వీధంతా కూర్చుని ఉంది. అవ్వ మనవడు దేయ్‌మెర్ బెల్జియంలో ఫుట్‌బాల్ ఆడతాడు. ఆడతాడనడం వీధి మర్యాద. మైదానం మధ్యలో నిలబడి అందరికీ బంతి అందించాల్సినవాడు, అక్టోబరు నుంచి బెంచీ మీదే ఉన్నాడు. ఆ బెంచీకి వేర్లు కూడా వచ్చాయని, వేసవికల్లా కాయలు కాస్తుందని హార్లిన్ అంచనా.

అయితే మొన్న దేయ్‌మెర్ ఫోన్ చేసి అన్నమాటకి ఎవరూ నవ్వలేదు. “ఈ ఆదివారం కూడా ఆడకపోతే బట్టలు సర్దుకుని వచ్చేస్తానవ్వా. నాకసలు ఆట వచ్చా అని నాకే అనుమానంగా ఉంది.”

అప్పట్నుంచి అవ్వ కొబ్బరిపాల చేపల కూర వండుతోంది గానీ తినడం లేదు.

“ఎవరి ఫోన్లో అన్నా మ్యాచ్ చూడండర్రా,” అంది అవ్వ.

ఛార్జింగ్ లేక అందరి ఫోన్లూ ఆరిపోయాయి. అవ్వ బటన్ల ఫోనుకి వారానికోసారి ఛార్జింగ్ పెడితే చాలు గానీ, అందులో బొమ్మ రాదు.

“నాది బతికే ఉంది. నేను చూసి చెప్తా,” అని హార్లిన్ గోడవైపు వీపు పెట్టి ఫోన్ తీశాడు. తెర ఒక్కసారి వెలిగి నల్లబడింది. ఆ సంగతి వాడొక్కడికే తెలుసు.

వంటింట్లో కూర చూసొస్తానని వెళ్ళిన అవ్వ చాలాసేపటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఒక చెయ్యి ఏప్రన్ జేబు మీద పెట్టుకుని కూర్చుంది.

“మొదలైందా?”

హార్లిన్ అవ్వ మొహం చూశాడు. నల్లటి తెర చూశాడు. మళ్ళీ అవ్వ మొహం చూశాడు.

“మొదలైందవ్వా! మనోడు ఆడుతున్నాడు!”

ఇల్లు గుంజలతో సహా ఊగిపోయింది. అవ్వ మాత్రం అరవలేదు. వాడి వంక కాసేపు అట్లాగే చూసింది.

“అయితే మైకులో చెప్పు.”

“ఇంత దగ్గరున్నావు, మైకెందుకవ్వా?”

“నాకు చెవుడొచ్చింది.”

“ఎప్పుడొచ్చింది?” అంది నిన్ఫా. “రాత్రి నేను మా ఆయన్ని గుసగుసగా తిడితే, గోడవతల నుంచి వినేసి పొద్దున్నే సర్దిచెప్పావు!”

“ఇప్పుడే వచ్చిందే. నువ్వు చెప్పరా.”

హార్లిన్ మైకందుకున్నాడు. “బంతి దేయ్‌మెర్ దగ్గర! ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, ఊపులో రిఫరీని కూడా దాటాడు! గోల్‌కీపర్‌కి తన పేరు గుర్తులేదు! గోల్!”

“వాడు గోల్స్ కొట్టే రకం కాదే,” అంది అవ్వ కుర్చీని మైకు పక్కకి జరుపుకుంటూ. “ఎట్లా ఆడుతున్నాడో చెప్పు. చిన్నప్పుడు ఆడినట్టేనా?”

హార్లిన్ గొంతు కాస్త తగ్గింది.

“అవునవ్వా. మన ఇసక మీద ఆడినట్టే. సముద్రం వెనక్కి పోగానే మొదలెట్టి, పోటు వచ్చేలోపు ముగించేవాళ్ళం చూడు, అట్లా. తల ఎత్తకుండానే ఎవడెక్కడున్నాడో వాడికి తెలుసు. పాదాలు మునిగే నీళ్ళలో కూడా వాడి పాసు నేరుగా కాలి దగ్గరికే వచ్చేది. నేను ఎన్నిసార్లు చెడగొట్టినా, మళ్ళీ నాకే ఇచ్చేవాడు. ఊళ్ళో నన్ను నమ్మింది వాడొక్కడే.”

కింద గుంజలకి నీళ్ళు తగిలే చప్పుడు వినిపించింది.

“ఆగిపోయావేంరా?” అంది అవ్వ, జేబు మీద చెయ్యి తీయకుండానే.

“రెండో గోలు!” అని అరిచాడు హార్లిన్. “మధ్య గీత దగ్గర్నుంచే తన్నాడు! బంతి దారిలో ఒక పావురాన్ని దాటేసింది! పావురం సిగ్గుపడి నడుచుకుంటూ పోతోంది! కోచ్ ఏడుస్తున్నాడు, వీణ్ణి తలుచుకుని బెంచీ కూడా ఏడుస్తోంది! ఇప్పుడు మూడో...”

అప్పుడే కరెంటు వచ్చింది.

టీవీలో మైదానమంతా తెల్లగా ఉంది. ఇద్దరు మనుషులు పారలతో మంచు ఎత్తిపోస్తున్నారు. మంచు వల్ల మ్యాచ్ మొదలుకాకముందే రద్దయిందని కింద అక్షరాలు పోతున్నాయి.

“...చలి కూడా బాగానే ఉన్నట్టుంది,” అన్నాడు హార్లిన్ మైకులో.

“దేయ్‌మెర్ దాటింది ఆ పారలవాళ్ళనా?” అంది నిన్ఫా.

హార్లిన్ తల వంచుకున్నాడు. మైకు ఆపడం మర్చిపోవడంతో వాడి తప్పొప్పుకోలు రేవుదాకా వినిపించింది.

“ఫోన్ ముందే చచ్చిందవ్వా. నీ మొహం చూళ్ళేక నోటికొచ్చింది చెప్పేశా. ఆ ఇసక మీది ఆటొక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం. పావురం కూడా.”

అవ్వ తిట్టలేదు. వంటింట్లో మాట్లాడినప్పట్నుంచీ పెట్టెయ్యకుండా ఏప్రన్ జేబులో ఉంచుకున్న బటన్ల ఫోన్ తీసి వాడి చెవికి ఆనించింది.

“బట్టలు సర్దడం ఆపేశాన్రా, ఆ రెండో గోలు మళ్ళీ చెప్పు,” అన్నాడు దేయ్‌మెర్.