ఒక్కటే పుస్తకం

సుగుణ వచ్చేసరికి ఆ పుస్తకం ఇవాళ కూడా ఎదుటి కుర్చీలో కూర్చునే ఆయన ముందే ఉంది.

అంతర్జాతీయ అర్థశాస్త్రం మీద వరంగల్ లైబ్రరీలో ఉన్న మంచి పుస్తకం అదొక్కటే. ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకోవాలి.

ఆ ఎండాకాలమంతా ఆమె డోర్నకల్ నుంచి పొద్దుటి బండికి వస్తోంది. తండ్రి రత్నం రైల్వేలో గ్యాంగ్‌మన్. అర్థశాస్త్రంలో ఎమ్మే పాసయ్యాక రెండు కాలేజీల్లో ఇంటర్వ్యూకి వెళ్లింది. జవాబులన్నీ తెలిసి కూడా బోర్డు ముందు నిలబడేసరికి నోరు పెగల్లేదు.

మూడోసారి అలా కానివ్వకూడదనుకుంది. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది.

“అన్నా, మీరు దినాం ఇదే పట్టుకొని కూసుంటే నేనెప్పుడు చదువాలె?”

నలభైకి దగ్గరపడుతున్న మనిషి. తలెత్తి, ఎందుకోసం చదువుతున్నావని అడిగాడు.

హన్మకొండలో ఒక కాలేజీ పేరు చెప్పిందామె. ఉన్నది ఒక్క లెక్చరర్ పోస్టేననీ, ఎట్లాగైనా తెచ్చుకుని తీరుతాననీ చెప్పింది.

ఆ కాలేజీ పేరు ఆయన మరోసారి అడిగాడు. తర్వాత పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు.

“తీస్కో చెల్లె. ఇయ్యాల్టి సంది నీదే.”

లేచి వెళ్లి బీరువాలోంచి ఇంకో లావు పుస్తకం తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీలకూ గోదాములకూ కాపలా ఏర్పాట్లు ఎలా చెయ్యాలో చెప్పే భద్రతా నిర్వహణ పుస్తకం.

సుగుణకు నవ్వొచ్చింది. పనీపాటా లేని మనిషి, ఏది దొరికితే అది చదువుతాడనుకుంది. పేరు దేవదానమని లైబ్రేరియన్ వెంకట్రాజం పిలుస్తుంటే తెలిసింది.

సాయంత్రం ఆమె బయల్దేరబోతుంటే వరండాలో ఆపాడు. ఇవాళ చదివిందేమిటో తనకు చెప్పమన్నాడు. పుస్తకం ఇచ్చిన మనిషి కదా అని, కంఠతా పట్టిన ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పింది.

“సమజ్ కాలే. మిర్చి పండించే రైతుకు చెప్పినట్టు చెప్పు.”

మర్నాడు మరిపెడనొక దేశం, నర్సంపేటనొక దేశం చేసింది. ఒకరు మిర్చి, ఒకరు పత్తి పండించి మార్చుకుంటే ఇద్దరికీ లాభం ఎలాగో చెప్పింది. ఆయన మధ్యలో ప్రశ్నలు వేశాడు. ఆమె తడబడితే, మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.

రోజూ అదే తంతు. ఒక్కోసారి బండి కూడా తప్పిపోయేది. ఒకనాడు విసిగిపోయింది.

“మీకైతే తీరుబాటు ఉన్నది అన్నా. నాకు ఈ నౌకరీ తప్ప దారి లేదు.”

“అందుకే, మళ్ల చెప్పు,” అన్నాడాయన నెమ్మదిగా.

ఇంటర్వ్యూ రోజున ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ఏదైనా పాఠం చెప్పమన్నారు. మొదటి వాక్యంలోనే సుగుణ తడబడింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులంతా ఏమీ సమజ్ కాని దేవదానాలే అనుకుంది. ఇక ఆగలేదు. వాళ్లు చాలన్నదాకా చెప్పింది.

పోస్టు ఆమెకే వచ్చింది.

మిఠాయి పొట్లంతో లైబ్రరీకి పరుగెత్తింది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

“ఆయన పోయిండు బిడ్డా,” అన్నాడు వెంకట్రాజం. “రామగుండం దిక్కు ఏదో ఫ్యాక్టరీల సెక్యూరిటీ నౌకరీ దొరికిందట.”

పోనీలే, ఆయనకూ ఒక దారి దొరికిందని సంతోషించింది. ఒక్క మంచిమాటైనా చెప్పలేకపోయానే అని మనసు చివుక్కుమంది.

సెలవులైపోయి కాలేజీ తెరిచారు. మొదటి క్లాసు. బోర్డు మీద పేరు రాసి, తను కొత్త లెక్చరర్‌నని చెప్పి, ఏమైనా అడగాలా అంది సుగుణ.

ముందు బెంచీలోని అమ్మాయి సంకోచిస్తూ లేచి నిలబడింది.

“మేడం, మా దేవదానం సారు ఏండ్ల సంది టెంపరరీగ ఈ క్లాసు చెప్పిండు. ఈసారి ఈ పోస్టు ఆయనకే పర్మనెంట్ అయితదనుకున్నం. ఇగ సారు రారా?”