హారిక తరఫున మాట్లాడిన ఫోన్

ఎవరి ఫోన్ వాళ్ల తరఫున, వాళ్ల గొంతుతోనే మాట్లాడటం మొదలయ్యాక హారికకు చాలా తీరిక దొరికింది. తునిలో ఉన్న అక్క ప్రత్యూషతో కూడా రోజూ ఫోనే మాట్లాడేది. సాయంత్రానికి "అక్క కులాసా" అని ఒక్క ముక్క చెప్పేది.

ఒకనాడు ఆఫీసు పనిమీద అన్నవరం వెళ్లిన హారిక, మధ్యాహ్నం చెప్పకుండా దగ్గర్లోనే ఉన్న తునికి, అక్క ఇంటికి వెళ్లింది. ప్రత్యూష తలుపు తీసింది.

"బడికి వెళ్లలేదా అక్కా?"

"పాఠాలు కూడా యంత్రాలే చెప్తున్నాయిగా. నన్ను మానిపించి ఏడాదైంది. ఆ రోజే నీకు చెప్పాను కదే."

"నాతో కాదక్కా, నా ఫోన్‌తో చెప్పావు. అదేమంది?"

"హాయిగా విశ్రాంతి తీసుకోమంది. నువ్వే అన్నావనుకుని రెండ్రోజులు అన్నం సయించలేదు."

ఒకప్పుడు ఇద్దరూ ఫోన్లో పోట్లాడుకునేవారు. కోపంగా పెట్టేసేవారు. పది నిమిషాలకే ఎవరో ఒకరు మళ్లీ చేసి, "తిన్నావా?" అనేవారు.

"నేనైతే నిన్ను మానిపించిన వాళ్లందర్నీ తిట్టిపోసేదాన్ని. వెంటనే బస్సెక్కేదాన్ని" అంది హారిక.

"ఇప్పుడు తిట్టు మరి" అంటూ ప్రత్యూష కంచం పెట్టింది.

హారిక కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. ప్రత్యూష పప్పు వడ్డిస్తూ శ్రద్ధగా వింది.

"హెడ్‌మాస్టర్ని వదిలేశావు" అని మధ్యలో గుర్తుచేసింది.